వైర్ యాంటెన్నాకు బలన్, చోక్: స్లాబు మీద మీరే చుట్టి, కొలిచి, ఎక్కించడం ఎలా

"అన్నా, ఎస్‌డబ్ల్యూఆర్ రెండు దాటుతుంది, బలన్ పెడితే తగ్గుతదా?" హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు కొత్తగా హ్యామ్ (సరదాకు నడిపే రేడియో) లైసెన్సు తెచ్చుకున్న తమ్ముళ్లు ఫోన్ చేసి తరచూ అడిగేది ఇదే. దానికి తోడు ఇంకోటి: "మాట్లాడేటప్పుడు మైకు పెదవికి తగిలితే చుర్రుమంటుంది, రిగ్గు పాడైందా?"

ఎస్‌డబ్ల్యూఆర్ అంటే పంపిన పవర్‌లో ఎంత యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరుంటే మంచిది. బలన్ అంటే కేబుల్‌కూ యాంటెన్నాకూ మధ్య పెట్టే చుట్ట. రిగ్గు అంటే మన రేడియో సెట్టు. మొదటిదానికి నా జవాబు: తగ్గొచ్చు, పెరగనూ వచ్చు. బలన్ పెట్టేది అందుకోసం కాదు. రెండోదానికి: రిగ్గు బాగానే ఉంది. మీ కేబుల్‌కు చోక్ లేదు, లేదా ఉన్నా పనిచేయడం లేదు. ఈ రెండు జవాబులూ ఫోన్లో చెప్తే సగమే అర్థమవుతాయి కనుక మొత్తం పని ఒకచోట రాస్తున్నాను. ఒక ఆదివారం పొద్దున మొదలుపెడితే ఎండ ముదిరేలోపు అయిపోతుంది.

ఒక్క పేరా సిద్ధాంతం

కోయాక్స్ కేబుల్లో మన కంటికి రెండే తీగలు: నడిమి తీగ, దాని చుట్టూ జాలీ. రేడియో ఫ్రీక్వెన్సీ (ఆర్‌ఎఫ్) కరెంటుకు మాత్రం అవి మూడు. ఆ కరెంటు లోహం పైపొరలోనే పారుతుంది కాబట్టి జాలీ లోపలి ముఖం ఒక దారి, బయటి ముఖం ఇంకో దారి. డైపోల్ (రెండు సమానమైన తీగ రెక్కల యాంటెన్నా) మధ్యలోకి వచ్చిన కరెంటు ఒక రెక్కలోకి పోవాల్సింది పోయి, కొంత జాలీ బయటి ముఖం మీదుగా మళ్లీ ఇంట్లోకి దిగుతుంది. దీన్నే కామన్ మోడ్ కరెంటు అంటారు. అది మైకుకు, కంప్యూటర్‌కు, పక్కింటి కాలింగ్ బెల్లుకు చేరుతుంది. రిసీవ్ చేసేటప్పుడు కథ తిరగబడుతుంది: ఇంట్లోని ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్ల గోల అదే ముఖం మీదుగా పైకెక్కి యాంటెన్నాలో కలిసి రిగ్గులోకి వస్తుంది. ఆ మూడో దారికి అడ్డుకట్ట వేసేదే చోక్. 1:1 కరెంట్ బలన్ అన్నా ఇదే వస్తువు. 1:1 అంటే రెండు వైపులా ఇంపెడెన్స్ (ఆర్‌ఎఫ్ కరెంటుకు ఎదురయ్యే అడ్డు, ఓంలలో) ఒకటే, 4:1 అంటే యాంటెన్నా వైపు నాలుగు రెట్లు. ఈ పద్ధతిని 1944లో గ్వానెల్లా అనే స్విస్ ఇంజినీరు ప్రచురించాడు, ఇప్పటికీ మనం చుట్టేది అదే.

ఏ యాంటెన్నాకు ఏది

డైపోల్, ఇన్వర్టెడ్ వీ (మధ్య ఎత్తుగా, కొసలు కిందికి దించిన డైపోల్) అయితే 1:1 చోక్ ఒక్కటి చాలు. మన దగ్గర ఎక్కువమందికి ఉండేది ఇదే కాబట్టి కింది మెట్లన్నీ దీని గురించే.

విండమ్, అంటే ఒక రెక్క పొట్టి ఒక రెక్క పొడుగు ఉండే యాంటెన్నా అయితే 4:1 బలన్ కావాలి, దాని కింద 1:1 చోక్ కూడా కావాలి. రెండు రెక్కలు సమానంగా ఉండవు కాబట్టి కేబుల్ మీదికి కరెంటు దిగడం దీనిలో ఎక్కువ. ఒక్క 4:1 పెట్టి వదిలేసినవాళ్లే "ఇల్లంతా ఆర్‌ఎఫ్" అని బాధపడేది.

ఒక చివర నుంచి ఫీడ్ చేసే హాఫ్ వేవ్ (సగం తరంగమంత పొడవున్న) తీగకు 49:1 ట్రాన్స్‌ఫార్మర్ వాడతారు. ప్రైమరీ 2 చుట్లు, సెకండరీ 14 చుట్లు: ఏడు రెట్ల చుట్లు, నలభై తొమ్మిది రెట్ల ఇంపెడెన్స్. దానికి చోక్ అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. తీగలోకి పోయే కరెంటుకు జోడీ ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, అది కేబుల్ జాలీయే. అందుకే చోక్‌ను ట్రాన్స్‌ఫార్మర్‌కు అంటించి పెట్టకండి. కనీసం రెండు మీటర్ల కేబుల్ వదిలి పెట్టండి. ఆ రెండు మీటర్లు కౌంటర్‌పాయిజ్‌గా, అంటే తీగకు జోడీగా పనిచేస్తాయి, కరెంటు అక్కడితో ఆగుతుంది.

కావలసినవి

- ఫెర్రైట్ రింగు ఒకటి: బయటి వ్యాసం 2.4 అంగుళాలు, 31 రకం లేదా 43 రకం. అమ్మేవాళ్లు ఎఫ్‌టీ240-31, ఎఫ్‌టీ240-43 అంటారు. 80, 40 మీటర్ల బ్యాండ్లు (మీటర్లంటే తరంగం పొడవు, అంకె పెద్దదైతే ఫ్రీక్వెన్సీ తక్కువ) ముఖ్యమైతే 31 తీసుకోండి. 20 మీటర్లు, దానికి పైబడిన బ్యాండ్లు అయితే 43 కూడా బాగుంటుంది.
- కోయాక్స్ ఒకటిన్నర మీటరు: ఆర్‌జీ-400 దొరికితే మేలు. సన్నటి ఆర్‌జీ-316 కూడా 100 వాట్ల రిగ్గుకు సరిపోతుంది. ఆర్‌జీ-58 వాడితే లోపల గట్టి పాలిథిన్ ఉన్నదే తీసుకోండి, స్పాంజిలా మెత్తగా ఉన్న ఫోమ్ రకం వద్దు.
- ఎస్‌ఓ-239 సాకెట్ ఒకటి
- తెల్లరంగు పీవీసీ జంక్షన్ బాక్సు, మూతకు రబ్బరు వాషర్ ఉన్నది
- స్టెయిన్‌లెస్ ఐబోల్టులు మూడు, నట్లు, వాషర్లు, సోల్డర్ ట్యాగులు
- కేబుల్ టైలు, సిలికాన్, తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు
- యాంటెన్నా తీగ, నైలాన్ తాడు, రెండు ఇన్సులేటర్లు
- మల్టీమీటర్, 50 ఓంల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్), చేతికి వస్తే నానోవీఎన్‌ఏ (ఫ్రీక్వెన్సీ వారీగా కొలిచే చిన్న అనలైజర్)

బాక్సు, బోల్టులు, తాడు వరంగల్లో ఏ ఎలక్ట్రికల్, హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతాయి. సాకెట్లకు, కేబుల్‌కు హైదరాబాద్ పోతే కోఠి గుజరాతీ గల్లీలో వెతకండి. ఫెర్రైట్ రింగు మాత్రం రకం నంబరు చెప్పి ఆన్‌లైన్లో తెప్పించుకోవడమే మంచిది. నంబరు లేని రింగును "ఇది కూడా అదే" అని ఎవరిచ్చినా తీసుకోకండి. ఎందుకో తప్పుల దగ్గర చెప్తాను.

చేసే విధానం

1. రింగును పరీక్షించండి. ఎల్‌సీఆర్ మీటర్ (ఇండక్టెన్స్, కెపాసిటెన్స్ కొలిచేది) ఉంటే మామూలు తీగ 10 చుట్లు చుట్టి ఇండక్టెన్స్ చూడండి. 43 రకం పెద్ద రింగుకు సుమారు 100 మైక్రోహెన్రీలు రావాలి, 31కి ఇంకొంచెం ఎక్కువ. పదిహేను, ఇరవై దగ్గర ఆగితే అది 61 రకం, ట్రాన్స్‌ఫార్మర్లకు మంచిదే కానీ కింది బ్యాండ్ల చోక్‌కు చాలదు. పది లోపు వస్తే అది ఫెర్రైటే కాదు, ఇనుప పొడి రింగు. పక్కన పెట్టండి.

2. కేబుల్ చుట్టండి. ఒక చివర 15 సెంటీమీటర్లు వదిలి, మొదటి చుట్టును కేబుల్ టైతో రింగుకు బిగించండి. 40, 20 మీటర్లకు 12 చుట్లు. 80 మీటర్లు కూడా కావాలంటే 31 రకం మీద 14 నుంచి 16. 15, 10 మీటర్లకే అయితే 8 లేదా 9 చాలు. లెక్క ఎప్పుడూ రింగు రంధ్రంలో చూసి పెట్టండి: కేబుల్ రంధ్రంలోంచి ఒకసారి దూరితే ఒక చుట్టు. బయటి వైపు లెక్కపెడితే ఒకటి తక్కువ వస్తుంది.

   చుట్లు పెరిగితే ఇంపెడెన్స్ పెరుగుతుంది, నిజమే. ఒక హద్దు దాటాక చుట్టుకూ చుట్టుకూ మధ్య కెపాసిటెన్స్ పెరిగి, బాగా పనిచేసే చోటు కింది ఫ్రీక్వెన్సీకి జరిగిపోతుంది. ఇరవై చుట్లు చుట్టి 10 మీటర్లలో పనిచేయడం లేదని అడిగినవాళ్లకు కారణం అదే.

   చుట్టేటప్పుడు లాగి బిగించకండి. కేబుల్ రింగు మూల దగ్గర నలగకుండా కొంచెం గుండ్రంగా తిరగాలి. మన రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు. అంత వేడికి పాలిథిన్ మెత్తబడి, బిగుతుగా వంగిన చోట నడిమి తీగ మెల్లగా జరిగి జాలీని తాకుతుంది. జనవరిలో బాగున్న చోక్ మే నెలలో షార్ట్ అవుతుంది. ఆర్‌జీ-400 మేలనడానికి కారణం దాని లోపలి టెఫ్లాన్ ఈ వేడికి చెదరదు.

3. రెండు కొసలు దూరంగా ఉంచండి. మొదటి చుట్టు, చివరి చుట్టు పక్కపక్కన ఉంటే కరెంటు రింగును తప్పించుకుని అడ్డంగా దూకుతుంది. రింగు చుట్టుకొలతలో కొంత ఖాళీ వదిలితే చాలు. సగం చుట్లు ఒక దిక్కు, సగం ఎదురు దిక్కు చుట్టి మధ్యలో దాటించే పద్ధతి బొమ్మల్లో కనబడుతుంది. దానివల్ల కొసలు ఎదురెదురుగా వచ్చి బాక్సులో అమర్చడం సులువు. పనితనంలో పెద్ద తేడా ఉండదు.

4. బాక్సులో అమర్చండి. సాకెట్ కింది వైపు, రెండు ఐబోల్టులు ఎడమ, కుడి వైపుల, మూడోది పైన తాడుకు. నడిమి తీగను ఒక ఐబోల్టుకు, జాలీని ఇంకో ఐబోల్టుకు ట్యాగులతో సోల్డర్ చేయండి. ఏది ఏ రెక్కకైనా ఫరవాలేదు. యాంటెన్నా బరువు ఐబోల్టు మోయాలి, సోల్డర్ కాదు. అందుకే యాంటెన్నా తీగను ఐబోల్టుకు కట్టి, విడిగా చిన్న తోక తీగతో ట్యాగుకు కలపండి.

   మా దిక్కు ఇంకో శత్రువు కోతులు. హన్మకొండలో గుట్టల పక్క కాలనీల్లో స్లాబు మీద ఏ తీగ కట్టినా అది వాటికి ఉయ్యాల. తాడు కొసను నేరుగా గోడకు కట్టకుండా చిన్న కప్పీ మీదుగా దించి, ఇటుకంత బరువు వేలాడదీయండి. కోతి దూకితే తాడు సాగుతుంది, దిగితే బరువు మళ్లీ లాగుతుంది, తీగ తెగదు. గాలిదుమారానికీ ఇదే కాపాడుతుంది.

5. నీటికి దారి మూయండి, ఒక దారి తెరవండి. మూత చుట్టూ, బోల్టుల చుట్టూ సిలికాన్ పెట్టండి. బాక్సు అడుగున 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి తప్పనిసరిగా వేయండి. ఎంత మూసినా రాత్రి చల్లదనానికి లోపల తేమ పడుతుంది, అది కారిపోవాలి. ఆ రంధ్రానికి దోమతెర ముక్క అంటించండి, లేకపోతే కందిరీగలు మట్టితో మూసేస్తాయి. బాక్సు లోపల విప్పిన కేబుల్ కొసకు కూడా సిలికాన్ పూయండి. దీపం వత్తి నూనెను పీల్చినట్టు జాలీ నీళ్లను పీల్చి మీటర్ల దూరం లోపలికి తీసుకుపోతుంది. అలా నల్లబడిన జాలీని బాగుచేయలేం, కేబుల్ మార్చాల్సిందే.

6. ఎక్కించే ముందే కింద కొలవండి. దీని గురించి కింద వివరంగా రాశాను. ఈ మెట్టు దాటేసి పైకెక్కినవాళ్లు మళ్లీ దించుకోవాల్సి వస్తుంది.

7. తీగ కోయండి. మొత్తం పొడవు మీటర్లలో: 143ని మెగాహెర్ట్జ్‌తో భాగించండి. 7.1కి 20.14 మీటర్లు, అంటే రెక్కకు పది మీటర్ల పైచిలుకు. రెక్కకు ఇరవై సెంటీమీటర్లు ఎక్కువ ఉంచి కోయండి. ఇంటి వైరింగ్‌కు వాడే పీవీసీ తొడుగు తీగ అయితే చివరికి లెక్క కంటే కొంచెం పొట్టిగానే తేలుతుంది. మిగిలిన ముక్కను కోసేయకుండా వెనక్కి మడిచి మెలిపెట్టండి. కోసింది మళ్లీ అతకలేం.

8. పైకి ఎత్తండి. చోక్ ఉండాల్సిన చోటు యాంటెన్నా ఫీడ్ పాయింటే, అంటే కేబుల్ రెక్కలకు కలిసే చోటే. కేబుల్ అక్కడి నుంచి నిటారుగా కిందికి దిగాలి. ఒక రెక్క కింద, దానికి సమాంతరంగా కేబుల్ పరిస్తే, చోక్ ఎంత మంచిదైనా ఆ రెక్క నుంచి కేబుల్ మళ్లీ కరెంటు పీల్చుకుంటుంది. కేబుల్ బరువు సాకెట్ మీద పడకుండా, దాన్ని పై ఐబోల్టుకో పైపుకో టైతో కట్టండి. కనెక్టర్ చుట్టూ రబ్బరు టేపు సాగదీసి చుట్టండి.

   హెచ్చరిక: జీఐ పైపు ఎత్తేముందు నాలుగు దిక్కులా చూడండి. మన గల్లీల్లో 11 కేవీ లైన్లు స్లాబు అంచుకు చాలా దగ్గరగా పోతుంటాయి. పైపు ఏ దిక్కుకు పడినా, తీగ తెగి ఎటు ఎగిరినా ఆ లైనుకు తగలనంత దూరం ఉండాలి. ఆ దూరం లేకపోతే అక్కడ యాంటెన్నా వద్దు, వేరే మూల చూసుకోండి. పైపు ఎత్తే పని ఒంటరిగా చేయకండి.

9. రెండో చోక్ ఇంట్లో. కేబుల్ గదిలోకి వచ్చే చోట ఇలాంటిదే ఇంకోటి పెట్టండి. బడ్జెట్ ఒక్కదానికే ఉంటే మొదటిది ఫీడ్ పాయింట్ దగ్గరే పెట్టండి. రెండోది ముఖ్యంగా ఇంటి గోల పైకెక్కకుండా ఆపడానికి. ఇన్వర్టర్, వైఫై పెట్టె, సోలార్ ఉన్న ఇళ్లలో దీని లాభం చెవికి స్పష్టంగా తెలుస్తుంది.

ఎక్కించే ముందు కొలతలు

మల్టీమీటర్‌తో: సాకెట్ నడిమి పిన్ను నుంచి ఒక ఐబోల్టుకు సున్నా ఓంలు, సాకెట్ బయటి లోహం నుంచి రెండో ఐబోల్టుకు సున్నా, ఈ రెండింటి మధ్య ఏ కలయికా ఉండకూడదు. ఇది కోయాక్స్‌తో చుట్టిన 1:1 చోక్‌కే వర్తిస్తుంది. కొన్ని 4:1 బలన్లు మల్టీమీటర్‌కు షార్ట్ లాగానే కనబడతాయి, అది వాటి తీరు, పాడైనట్టు కాదు.

డమ్మీ లోడ్‌తో: రెండు ఐబోల్టుల మధ్య 50 ఓంల లోడ్ పెట్టి, సాకెట్ వైపు నుంచి ఎస్‌డబ్ల్యూఆర్ చూడండి. తోక తీగలు పొట్టిగా ఉంటే మీ బ్యాండ్లలో 1.2 దాటకూడదు. ఒకసారి నేను 1:1 అని చీటీ అంటించిన రెడీమేడ్ బలన్ కొన్నాను. 50 ఓంలు పెడితే 4 చూపించింది. అనుమానం వచ్చి రెండు 100 ఓంల రెసిస్టర్లు వరుసగా కలిపి 200 ఓంలు పెట్టాను. ఎస్‌డబ్ల్యూఆర్ 1 దగ్గర కూర్చుంది. లోపలున్నది 4:1. ఆ చీటీని నమ్మి డైపోల్‌కు పెట్టి ఉంటే తీగ కోస్తూ కోస్తూ వారం గడిపేవాడిని. కొన్నదైనా సరే, రెండు రెసిస్టర్లతో ఐదు నిమిషాల పరీక్ష చేయండి.

నానోవీఎన్‌ఏతో: పై రెండు పరీక్షలూ చోక్ లోపలి దారి బాగుందని చెప్తాయి, బయటి దారిని ఎంత అడ్డుతుందో చెప్పవు. ఆ సంగతి చెప్పేది ఇదొక్కటే. రెండు పోర్టులకు మొసలి క్లిప్పుల తీగలు పెట్టి, రెండు నడిమి క్లిప్పులను ఒకదానికొకటి తాకించి 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు త్రూ కాలిబ్రేషన్ (చోక్ లేనప్పటి దారిని సున్నాగా గుర్తుపెట్టించడం) చేయండి. తర్వాత చోక్ ఒక వైపు నడిమి తీగ, జాలీ రెండింటినీ కలిపి మొదటి పోర్టు నడిమి క్లిప్పుకు, అటు వైపు రెండింటినీ కలిపి రెండో పోర్టు నడిమి క్లిప్పుకు పెట్టండి. పోర్టుల గ్రౌండు క్లిప్పులను దేనికీ కలపకండి. ఇప్పుడు ఎస్21, అంటే మొదటి పోర్టు నుంచి రెండోదానికి ఎంత చేరుతోందో చూడండి. మైనస్ 20 డీబీ వస్తే సుమారు 900 ఓంలు. మైనస్ 30 అయితే సుమారు 3,000. మైనస్ 34 అయితే దాదాపు 4,900. మీరు వాడే బ్యాండులో వెయ్యికి తగ్గితే ఎక్కించకండి. మూడు వేలు దాటితే నిశ్చింతగా ఎక్కించండి.

కొలిచేటప్పుడు చోక్‌ను ఇనుప బల్ల మీద పెట్టకండి, చేత్తో పట్టుకోకండి. చెక్క స్టూలు కానీ, అట్టపెట్టె కానీ మేలు. క్లిప్పుల తీగలు జానెడు దాటితే పై బ్యాండ్లలో అంకెలు తప్పుతాయి.

ఎక్కించాక పరీక్ష

అనలైజర్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ చూస్తూ ఉండండి. ఇంకొకరిని కేబుల్‌ను గుప్పిట పట్టి కింది నుంచి పైదాకా తడమమనండి. అంకె కదలకపోతే చోక్ పనిచేస్తోంది. చెయ్యి కదిలిన కొద్దీ అంకె కదిలితే కేబుల్ కూడా యాంటెన్నాలో భాగమై కూర్చుంది. ఇది అనలైజర్‌తో మాత్రమే. ట్రాన్స్‌మిట్ చేస్తూ ఎవరినీ కేబుల్ కానీ తీగ కానీ పట్టుకోనివ్వకండి. డైపోల్ కొసల దగ్గర వోల్టేజీ బాగా ఎక్కువ, చర్మం కాలుతుంది. కొసలు మనిషి చేతికి అందే ఎత్తులో కట్టకండి. స్లాబు మీద పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు, మిరపకాయలు ఆరబెట్టడానికి ఇంట్లోవాళ్లు వస్తారు.

ఇంకో పరీక్ష: రిగ్గు దగ్గర రెండు మీటర్ల కేబుల్ ముక్క అదనంగా కలపండి. కేబుల్ యాంటెన్నాలో భాగం కాకపోతే ఎస్‌డబ్ల్యూఆర్ మారదు. 1.4 కాస్తా 2 అయిందంటే జాలీ బయటి ముఖం మీద కరెంటు ఉన్నట్టే.

నానోవీఎన్‌ఏ లేనివాళ్లు ఒక కరెంటు స్నిఫర్ చేసుకోవచ్చు. కేబుళ్లకు బిగించే విప్పదీసే ఫెర్రైట్ క్లిప్పు తీసుకుని, దాని ఒక సగం మీద సన్నటి ఎనామిల్ తీగ 10 చుట్లు చుట్టి, కొసలకు 50 ఓంల రెసిస్టర్, ఆపైన ఒక జెర్మేనియం డయోడ్, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని మీద మల్టీమీటర్ డీసీ వోల్టులలో. క్లిప్పును కేబుల్ మీద మూసి 5 లేదా 10 వాట్లతో కీ నొక్కండి. వచ్చే అంకెకు సొంతంగా అర్థం లేదు, పోల్చుకోవడానికే: చోక్ లేకుండా ఎంత, చోక్‌తో ఎంత. అంకె బాగా పడిపోవాలి. పాత రేడియోలు బాగుచేసేవాళ్ల దగ్గర ఆ డయోడు ఇంకా దొరుకుతుంది.

"చోక్ పెట్టాక ఎస్‌డబ్ల్యూఆర్ పెరిగింది!"

ఇది విని భయపడి చోక్ తీసేసినవాళ్లు ఉన్నారు. తీయకండి. ఇంతకుముందు మీ మీటర్ చూపించింది తీగ, కేబుల్, ఇంటి ఎర్తు అన్నీ కలిసిన యాంటెన్నా లెక్క. ఇప్పుడు మొదటిసారి డైపోల్ ఒక్కదాని లెక్క కనబడుతోంది. అనలైజర్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ తక్కువగా ఉన్న చోటు ఎక్కడుందో వెతకండి. 6.9 దగ్గర ఉంటే తీగ పొడుగైంది, రెండు రెక్కలను సమానంగా మడవండి. 7.3 దగ్గర ఉంటే పొట్టిగా ఉంది, మడిచింది విప్పండి. మన 40 మీటర్ల బ్యాండు 7.0 నుంచి 7.2 వరకే కాబట్టి 7.1 దగ్గరికి తెచ్చుకుంటే మొత్తం బ్యాండు చేతిలో ఉంటుంది. 1.5 వస్తే అక్కడితో ఆపేయండి. 1.1 కోసం మళ్లీ మళ్లీ నిచ్చెన ఎక్కడం ఆ ఎండలో మంచిది కాదు, గాల్లో తేడా కూడా వినబడదు.

ఎక్కువగా జరిగే తప్పులు

పసుపు రంగు రింగు. పాత కంప్యూటర్ పవర్ సప్లైలో ఒక ముఖం తెల్లగా, మిగతాది పసుపుగా ఉండే రింగు ఉంటుంది. అది ఇనుప పొడి. నా మొదటి చోక్ దాని మీదే చుట్టాను. చూడటానికి ఎంతో పొందికగా వచ్చింది, బాక్సులో పెట్టి, సిలికాన్ పూసి, ఎక్కించేశాను. కీ నొక్కిన ప్రతిసారీ మా ఇన్వర్టర్ కుయ్‌కుయ్‌మనేది, పక్కింటి కాలింగ్ బెల్లు మోగేది. పాపం ఆ ఇంటి పెద్దమ్మ తలుపు తీసి బయటికి వచ్చి చూసి లోపలికి పోయేది. రెండు వారాలు రిగ్గును, ఎర్తును అనుమానించాను. చివరికి బాక్సు దించి, అదే 12 చుట్లు 31 రకం రింగు మీద చుట్టి ఎక్కించాక బెల్లు ఆగింది. ఆ రోజు పెద్దమ్మను అడిగి మరీ నిర్ధారించుకున్నాను. అప్పటి నుంచి కొలవని చోక్ నేను ఎక్కించలేదు. మీరు కూడా ఎక్కించకండి.

టీవీ కేబుల్. ఆర్‌జీ-6, 75 ఓంలు. యాంటెన్నా నుంచి కిందికి దిగే కేబుల్‌గా దాన్ని వాడటంలో తప్పు లేదు, డైపోల్‌కు ఎస్‌డబ్ల్యూఆర్ కొంచెం మారుతుంది అంతే. చిక్కు ఏంటంటే చాలా రకాల్లో జాలీ అల్యూమినియం, దానికి సోల్డర్ పట్టదు. పట్టినట్టు కనబడి మొదటి వానకే ఊడుతుంది. వాడితే క్రింప్ కనెక్టర్లతోనే వాడండి. లోపల ఫోమ్ కాబట్టి రింగు మీద మాత్రం చుట్టకండి.

చిన్న పూసలు. కేబుల్‌కు క్లిప్పు ఫెర్రైట్లు నాలుగైదు బిగించి చోక్ అయిపోయిందనుకోవడం. కేబుల్ ఒక్కసారే దూరుతుంది కాబట్టి 7 మెగాహెర్ట్జ్‌లో ఒక్కోదానికి వచ్చేది పదుల ఓంలే. మనకు కావలసింది వేలు.

రింగు లేని కేబుల్ చుట్ట. ఫెర్రైట్ దొరికేదాకా ఇది చేసుకోవచ్చు: 4 అంగుళాల పీవీసీ పైపు మీద ఆర్‌జీ-58ని పక్కపక్కన ఒకే వరుసలో చుట్టండి. 40 మీటర్లకు నాలుగున్నర మీటర్ల కేబుల్, 20 మీటర్లకు రెండున్నర మీటర్లు. ఒకే బ్యాండుకు ఫరవాలేదు, అన్ని బ్యాండ్లకు పనికిరాదు. మిగిలిన కేబుల్‌ను తాడు చుట్టినట్టు కుప్పగా చుట్టి వేలాడదీస్తే అది చోక్ కాదు.

వేడెక్కే రింగు. పది నిమిషాలు డిజిటల్ మోడ్‌లో పంపి, కీ వదిలేసి, దించి ముట్టుకోండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే రింగు చిన్నదని పెద్దది కొనడానికి పరిగెత్తకండి. ముందు చుట్లు సరిపోయాయా చూడండి. ఇంపెడెన్స్ తక్కువైతే కరెంటు ఎక్కువ దూరి వేడి పుడుతుంది, ఇంపెడెన్స్ బాగా పెరిగితే కరెంటే ఆగిపోయి రింగు చల్లగా ఉంటుంది.

అన్ని గోలలూ చోక్‌తో పోతాయనుకోవడం. కేబుల్ మీదుగా ఎక్కే గోలనే చోక్ ఆపుతుంది. కాజీపేట స్టేషన్ పక్కన ఉండి, 25 కేవీ రైల్వే లైను చప్పుడు తీగే నేరుగా వింటుంటే చోక్ ఏమీ చేయలేదు. తేడా తెలుసుకోవాలంటే ఇంటి మెయిన్ స్విచ్ కట్టేసి, రిగ్గును బ్యాటరీ మీద పెట్టి వినండి. గోల పడిపోతే అది మీ ఇంటిదే, చోక్‌తో ఫలితం ఉంటుంది. అలాగే ఉంటే తీగను ఆ లైనుకు అడ్డంగా తిప్పి చూడండి.

వానకు ముందు

చోక్ పిడుగును ఆపదు. ఏప్రిల్, మే సాయంత్రాలు గాలిదుమారం లేచినప్పుడు రిగ్గు నుంచి కేబుల్ విప్పి కొసను కిటికీ బయటికి వేయండి. దూరంగా ఉరుము వినబడిన తర్వాత విప్పడానికి చెయ్యి పెట్టొద్దు, ఆకాశం నల్లబడేటప్పుడే విప్పాలి. ఊరెళ్తే విప్పి వెళ్లండి.

ఏడాదికోసారి మృగశిర రాకముందే బాక్సు దించండి. అడుగు రంధ్రం మూసుకుపోయిందా, ట్యాగులు పచ్చబడ్డాయా, ఎండకు నైలాన్ తాడు పొడిపొడిగా రాలుతోందా చూడండి. తాడు పెళుసైతే ఆలోచించకుండా మార్చండి. చోక్‌ను మళ్లీ ఒకసారి మల్టీమీటర్‌తో, వీఎన్‌ఏతో కొలిచి, వచ్చిన అంకెను తేదీతో సహా మూత లోపలి వైపు మార్కర్‌తో రాసిపెట్టండి. వచ్చే ఏడాది పోల్చుకోవడానికి ఆ అంకె కావాలి.